కూలర్ వెనక గూడు

మొన్న ఆదివారం ఢిల్లీ వసంత్ కుంజ్‌లో మా తమ్ముడు రాంబాబు ఇంటికి వెళ్ళాను. వాడికి పట్టుకున్న దగ్గు ఎంతకీ వదలడం లేదని మరదలు సరళ ఫోన్‌లో చెప్పింది. మయూర్ విహార్ నుంచి మెట్రో, అక్కణ్ణుంచి ఆటో, ఒళ్ళో ప్లాస్కు నిండా మిరియాల చారు. గుమ్మం దాటి లోపలికి అడుగుపెట్టగానే ఒక వాసన నా ముక్కుని పట్టుకుంది. తడిసిన సున్నం, ముక్కిపోయిన గింజలు, కోళ్ళ గంప, ఈ మూడూ కలిపి మూతపెట్టి ఎండలో ఉంచితే వచ్చే వాసన. పలకరింపులు కూడా కాకుండానే వెళ్ళి బాల్కనీ తలుపు తీశాను. నేల మీద తెల్లగా, బూడిదరంగుగా పెచ్చులు. ఏసీ బయటి డబ్బా మీద దోసెల పిండి ఒలకబోసి ఎండబెట్టినట్టు పొరలు పొరలుగా రెట్టలు. రెయిలింగు మీద వరసగా పావురాలు. నన్ను చూసి ఎగరను కూడా లేదు, అద్దె కడుతున్నవాళ్ళలా కొంచెం జరిగి కూచున్నాయి. తలుపు పక్కన కొక్కేనికి సజ్జల సంచీ వేలాడుతోంది.

"ఇదేవిట్రా ఈ రోత?" అన్నాను.

"పావురాలక్కా. రోజూ పొద్దున్నే గింజలేస్తాను," అన్నాడు. ఆ రెండు మాటలకే మధ్యలో ఆగి దగ్గాడు. "నీకు తెలీనిదేముంది? చిన్నప్పుడు నా ఆయాసం తగ్గింది దీనివల్లే కదా. బామ్మ వేసేది."

సరళ కాఫీ పట్టుకొచ్చింది. "డాక్టరు గారు కూడా అడిగారు వదినగారూ, ఇంట్లో పక్షులేమన్నా పెంచుతున్నారా అని. లేవండీ అన్నారు ఈయన."

"నిజమే కదా! మనం పెంచడం లేదు. అవే వస్తున్నాయి," అన్నాడు తమ్ముడు, తెలివైన జవాబు చెప్పిన పిల్లాడి మొహం పెట్టి.

నేను తలుపు మూసి, గడియ పెట్టి, కుర్చీలో కూలబడ్డాను. వాడి ఆయాసం పావురాలకి గింజలు వేస్తే తగ్గలేదు. ఎలా తగ్గిందో తెలిసిన మనుషుల్లో ఇవాళ మిగిలింది నేనొక్కదాన్నే. వాడికి చెప్పొద్దని బామ్మ నా దగ్గర మాట తీసుకుంది. ఇన్నేళ్ళూ ఆ మాట దాటే అవసరమే పడలేదు. ఇప్పుడు వాడి ఛాతీలోంచి వస్తున్న ఆ కూత వింటూ, చల్లారిపోతున్న కాఫీ చేతిలో పట్టుకుని, ఆర్.కె. పురంలో మా క్వార్టరు గుర్తుచేసుకున్నాను.

నాన్న కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తా. అమ్మ ఇంకో ఆఫీసులో టైపిస్టు. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనకవైపు ఒక బాల్కనీ. పైన అందరికీ ఉమ్మడిగా డాబా. గోదావరి జిల్లా నుంచి వచ్చి మాతోనే ఉండిపోయిన బామ్మ ఆ రెండు గదుల్నీ ఒక పెద్ద లోగిలి అనుకుని ఏలింది. పొద్దున్నే చన్నీళ్ళ స్నానం, మడిబట్ట, వంటయ్యేదాకా మమ్మల్ని ఎవర్నీ ముట్టుకోదు. కాకి ఈక ఒకటి గాలికి కొట్టుకొచ్చి చీర అంచు మీద పడిందని డిసెంబరు చలిలో రెండోసారి తలమీద నీళ్ళు పోసుకున్న మనిషి. సాయంత్రం మాత్రం మమ్మల్ని ఇద్దర్నీ ఎదురుగా కూచోబెట్టుకుని, పెద్ద గిన్నెలో అన్నం కలిపి, చేత్తో ముద్దలు పెట్టేది. పప్పన్నం ముద్ద మీద ఆవకాయ బద్ద ఆనీ ఆనకుండా అద్ది పెట్టడంలో ఆవిడ వేళ్ళకి ఒక లెక్క ఉండేది. తమ్ముడికి ఆరేళ్ళప్పుడు ఒక ఎండాకాలంలో ఆ ముద్దలు ఆగిపోయాయి. వాడి చేతికి స్టీలు చెంచా వచ్చింది. పెద్దవాడివయ్యావు, చెంచాతో తిను అందిట బామ్మ. ఆ చెంచా పట్టుకుని వాడు బ్లాకంతా ఊరేగాడు. ఈ రోజుకీ చారన్నం అయినా, పెరుగన్నం అయినా చెంచా లేకపోతే ముట్టడు. చుట్టాలందరం వాడిని దొరగారు అని ఏడిపిస్తూనే ఉంటాం.

నా సంగతి కూడా ఒక మాట చెప్పాలి. నేను కాలేజీ మెట్లెక్కలేదు. బడి అయ్యాక టైపు నేర్చుకుని ఉద్యోగంలో చేరాను. నాకున్న చదువంతా మా కాలనీ మార్కెట్లో రేషన్ దుకాణం పైనున్న లైబ్రరీలోదీ, ఆ తర్వాత అలాంటి లైబ్రరీల్లోదీనూ. ఆ మాట చెప్పుకోవడం నాకు గర్వమే. అక్కడ తెలుగు పుస్తకాలు ఒక్క వరస కూడా నిండవు. అందుకని హిందీలో, ఇంగ్లీషులో ఏది దొరికితే అది, ముఖ్యంగా జంతువుల గురించి, పదాలు కూడబలుక్కుని చదివేదాన్ని. దాని ఫలితంగా నాకు తిండి మీద అసహ్యం పట్టుకుంది. ఈగ కాళ్ళతో రుచి చూస్తుందనీ, గట్టి పదార్థం మీద వాలితే ముందు తన కడుపులోని రసాన్ని దానిమీద కక్కి, మెత్తబడ్డాక పీల్చుకుంటుందనీ చదివిన రోజు మార్కెట్లో హల్వాయి దగ్గర జిలేబీ పళ్ళెం చూశాను. పాకం కనబడలేదు, ఈగలే కనబడ్డాయి. ఇంటికొచ్చి తమ్ముడికి చెప్పాను. వాడు చేతిలో ఉన్న జిలేబీ వంక ఒకసారి చూసుకుని, "అయితే మెత్తగా ఉంటుందన్నమాట," అని నోట్లో పెట్టుకున్నాడు. ఇప్పటికీ జిలేబీ నా గొంతు దిగదు. తేనె అంటే తేనెటీగ లోపలికి పుచ్చుకుని మళ్ళీ బయటికి తెచ్చినదే అని చెప్పినప్పుడు మాత్రం బామ్మ నా మీద కేకలేసింది. "అభిషేకం చేసే వస్తువే అది! ఆ పుస్తకాలు పట్టుకెళ్ళి అక్కడే పారేసి రా," అంది.

మా ఇద్దరికీ అన్నిటికంటే ఇష్టమైన చిరుతిండి గుమ్మడి వడియాలు. అన్నంలోకి కాదు, సాయంత్రం బడి నుంచి వచ్చాక ఉత్తినే కరకరలాడించడానికి. ఎండలు ముదరగానే బామ్మ బూడిదగుమ్మడికాయ కొట్టించి, ముక్కలకి ఉప్పు పట్టించి, మినప్పిండిలో కలిపి, డాబా మీద నాన్న పాత పంచె పరిచి వడియాలు పెట్టేది. ఢిల్లీ ఎండకి అవి రెండో రోజుకే గలగలలాడేవి. పేచీ అంతా పావురాలతో. మనిషి అలికిడి లేకపోతే చాలు, పంచె మీద దిగిపోయేవి. ఎర్రకాళ్ళతో పచ్చిపిండిలో నడిచేవి. నడిచినచోటే వాటి పని అవి చేసుకునేవి. బామ్మ కర్ర పట్టుకుని పైకి వెళ్ళేసరికి పంచె మీద నలుపూ తెలుపూ బొట్లు. మడి మనిషి ఏం చేస్తుందో చూద్దామని నేను వెనకే నిలబడేదాన్ని. రెట్ట పడ్డ వడియాన్ని గోటితో గీకి, ఊది, ఎండకి తిప్పి పెట్టేది. "ఎండ తగిలితే ఏ మైలా ఉండదే," అనేది. గీకినచోట చిన్న తెల్లమచ్చ మిగిలేది. ఆ మచ్చల వడియాలు మా పిల్లల వాటాలోకి రాలేదనే ఇప్పటికీ నమ్ముతున్నాను. నమ్మకపోతే బతకలేను.

తమ్ముడికి ఆయాసం ఎండాకాలంలోనే వచ్చేది. పిల్లికూతలు అంటారు గానీ పిల్లి అలా కూయగా నేను వినలేదు. చిరిగిన బూరలోంచి గాలి పోతున్నట్టు ఉండేది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంటలు పడేది. ఆరేళ్ళ పిల్లాడు ముసలివాడిలా ముందుకి వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి కూచునేవాడు. ఇక సలహాలు. ఇవాళ సరళ మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే జీలకర్ర నీళ్ళనీ, సాయంత్రం పచ్చి వెల్లుల్లి అనీ పంపిస్తుంది. ఫోన్ బోర్లా పెడితే అయిపోయింది. అప్పట్లో ఆరోగ్య చిట్కాలు కాళ్ళ మీద నడిచి ఇంటికొచ్చేవి, కాఫీ కూడా తాగి వెళ్ళేవి. ఒకరు పెరుగు మానిపించారు. ఇంకొకరు మామిడిపండు. నూనె వస్తువే పనికిరాదని ఒకాయన తేల్చేశాక వాడి వడియాలు కూడా పోయాయి. తినే చప్పుడు వాడికి వినబడకుండా నేను వంటింట్లో తలుపు వేసుకుని, నోట్లో నానబెట్టుకుని తినేదాన్ని. వాడి నోట్లోకి పోయినవి మాత్రం వేరు. వస అరగదీసి, పిప్పళ్ళు నూరి, అల్లం రసం, ఆదివారం ఆముదం. ఆముదం వాసన తెలియకుండా కాఫీలో కలిపేవారు. దాని తర్వాత వాడికి కాఫీ వాసన అంటేనే డోకు వచ్చేది.

వీటన్నిటికీ పైన గాడిదపాలు. మా వైపు పసిపిల్లలకి ఊపిరి పట్టకపోతే గాడిదపాలు పట్టడం మామూలే. అమ్మేవాళ్ళు గాడిదని వెంటబెట్టుకుని వీధుల్లోకే వస్తారు. ఢిల్లీలో ఎక్కడ వెతకాలి? బామ్మ పోరు పడలేక నాన్న ఆఫీసు బట్టలతోనే సైకిలెక్కి చాకళ్ళ బస్తీకి వెళ్ళాడు. నన్ను వెనక కూచోబెట్టుకున్నాడు, ఎందుకంటే ఆయన హిందీ కంటే నాది మెరుగు. అక్కడ బట్టలు పిండుతున్న ఆవిడ నా మాట విని పిండడం ఆపేసింది. "గధీ కా దూధ్? అరే బాబూజీ, బచ్చే కో గధా బనాయేంగే క్యా?" అంది. బిడ్డని గాడిదని చేస్తారా అని ఆవిడ అనగానే రేవు రేవంతా నవ్వింది. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆవిడే, నవ్వుతూనే, మేం తీసుకెళ్ళిన సీసాలోకి రెండు ధారలు పిండి ఇచ్చింది. ఆ సీసా దగ్గు మందుది, కడిగినా పాత మందు జిగట పోలేదు. పల్చగా, నీలంగా ఉన్న ఆ పాలు అందులో గులాబీరంగుకి తిరిగాయి. ఉగ్గుగిన్నెతో పోస్తే తమ్ముడు సగం మింగి, మింగినదంతా నా గౌను మీద తిరిగిచ్చేశాడు. గాడిదపాలు తల్లిపాలకి బాగా దగ్గరగా ఉంటాయని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. పాలని నేనేమీ అనను. ఆ సీసాని మాత్రం క్షమించలేదు.

పావురాల ఉపాయం ఎదురింటి ఆంటీది. ఒకరోజు ఆవిడ గుమ్మంలో నిలబడి, "మాతాజీ, కబూతరోం కో దానా డాలియే. బచ్చే కీ సాంస్ ఠీక్ హో జాయేగీ," అంది. పావురాలకి గింజలు వేస్తే పిల్లాడి ఊపిరి బాగవుతుందట అని నేను తెలుగులో చెప్పాను. బామ్మ కళ్ళు మెరిశాయి. వెనక బాల్కనీలో గింజలు పోస్తే డాబా మీద వడియాల జోలికి రావు, పిల్లాడికి పుణ్యానికి పుణ్యమూ వస్తుంది. ఆ సాయంత్రమే సజ్జలు తెప్పించింది. పావురాలు నిజంగానే డాబా వదిలి మా బాల్కనీకి కాపురం మార్చాయి. రోజంతా గుర్రుగుర్రుమని ఒకటే మూలుగు, గొంతులో కఫం అడ్డుపడ్డవాళ్ళలాగా. తమ్ముడు ఒక జంటకి రాజా, రాణీ అని పేర్లు పెట్టాడు.

ఆ బాల్కనీలోకి తెరుచుకునే కిటికీలోనే మా కూలర్ ఉండేది. ఈ కాలం పిల్లలకి తెలియకపోవచ్చు. అది ఇనపరేకు డబ్బా. మూడు పక్కలా పలకల్లో వట్టివేళ్ళ గడ్డి దట్టించి ఉంటుంది. అడుగున తొట్టెలో నీళ్ళు పోస్తే, మోటారు ఆ నీళ్ళని గడ్డి మీదికి జార్చుతుంది. లోపలి ఫ్యాను బయటి గాలిని ఆ తడిగడ్డిలోంచి లాగి గదిలోకి ఊదుతుంది. మొదటిరోజు వట్టివేళ్ళ వాసన గదంతా కమ్ముకుంటే, వడగాలిని బయట నిలబెట్టి తలుపు వేసినట్టుండేది. ఆ ఇంట్లో అన్నిటికంటే చల్లటి చోటు కూలర్‌కి ఎదురుగా గోడవార. కాబట్టి ఊపిరాడని పిల్లాడి మంచం అక్కడే వేశారు.

రాజా, రాణీ గూడు పెట్టింది కూలర్ వెనక, డబ్బాకీ సన్‌షేడ్‌కీ మధ్య అంచు మీద. ఆ ఏడాది నాన్న కొత్త గడ్డి తెచ్చి పలకలు విప్పబోతే బామ్మ అడ్డుపడింది. "వెనక పలక ముట్టుకోకురా. గుడ్లున్నాయి. పిల్లలు ఎగిరిపోయాక మార్చుకోవచ్చు." పక్క పలకలు రెండే మారాయి. ఎదురింటి ఆంటీ కూడా వచ్చి చూసి, ఇంట్లో పావురం గూడు పెడితే లక్ష్మి వచ్చినట్టే అంది. పిల్లలు పెరిగాయి. అవి ఎగరకముందే మళ్ళీ రెండు గుడ్లు. "ఇవి కూడా ఎగిరిపోనీ," అంది బామ్మ. కూలర్ గాలిలో వట్టివేళ్ళ వాసన తగ్గిపోయి, ఇంకేదో వాసన రావడం మొదలైంది. తొట్టెలో నీళ్ళు పాతబడ్డాయనుకున్నాం. మొన్న తమ్ముడి గుమ్మంలో నా ముక్కుకి తగిలిన వాసన అదే.

ఆ రోజుల్లోనే లైబ్రరీలో పక్షుల మీద ఒక లావుపాటి హిందీ పుస్తకం దొరికింది. పావురం ఆడదీ మగదీ కూడా గొంతుసంచిలో పెరుగులాంటి పదార్థం తయారుచేసి పిల్లల నోట్లోకి కక్కుతాయని చదివి, తమ్ముడికి చెప్పి వాడిని మురిపించాను. ఆ కింద పేరా మాత్రం రెండుసార్లు చదివాను. చాలా పక్షులు పిల్లల రెట్టని ముక్కున కరుచుకుని దూరంగా పడేస్తాయి. పావురం ఆ పని చెయ్యదు. రెట్ట గూట్లోనే పేరుకుని, ఎండి, పుల్లల్ని సిమెంటులా పట్టేసి, గూడు ఒక కుండలా గట్టిపడుతుంది. ఆ కుండలోనే మళ్ళీ గుడ్లు పెడుతుంది, పాత పిల్లలు ఇంకా వెళ్ళకముందే. ఎండిన రెట్ట పొడి, ఈకల పొడి పీల్చిన మనుషులకి ఊపిరితిత్తులు జబ్బు పడతాయని ఆఖర్న ఒక్క వాక్యం. పుస్తకం పట్టుకుని ఇంటికి పరిగెత్తాను.

ఇంటికొచ్చేసరికి తమ్ముడికి ఎప్పుడూ లేనంత ఎక్కువగా ఉంది. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. డిస్పెన్సరీ డాక్టరు వచ్చి సూది వేసి, మళ్ళీ పొద్దున్న తీసుకురమ్మన్నాడు, వాణ్ణి దుమ్ముకి దూరంగా ఉంచమన్నాడు. "రోజుకి రెండుసార్లు తడిబట్ట పెడుతున్నాను. దుమ్మెక్కడుందీ ఇంట్లో?" అంది బామ్మ. నేను నేల మీద కూచుని ఆ పేరా ఒక్కో వాక్యం హిందీలో చదివి, తెలుగులో చెప్పాను. వెంటనే తిడుతుందనుకున్నాను. వింటూ వింటూ ఆవిడ మంచం వైపు చూసింది, మంచం నుంచి కూలర్ వైపు చూసింది.

"మళ్ళీ చెప్పు. అవి ఎప్పుడు ఖాళీ చేస్తాయని రాశాడు?"

"చెయ్యవు బామ్మా. ఎప్పటికీ చెయ్యవు."

మర్నాడు పొద్దున్న అమ్మ తమ్ముణ్ణి రిక్షాలో డిస్పెన్సరీకి తీసుకెళ్ళింది. నాన్న ఆఫీసుకి వెళ్ళాడు. బామ్మ మడిబట్ట విప్పి ఒక చిరుగుల చీర కట్టుకుంది. కూలర్ ఆపేసింది. "బకెట్టు పట్రా అమ్మడూ. ఇంకో బకెట్టుతో నీళ్ళు."

"చీపురు తేనా?"

"చీపురుతో దులిపితే పొడంతా గదిలోకే పోదుటే? నీ పుస్తకమేగా చెప్పింది. ముందు తడుపు."

నీళ్ళు పడగానే లేచిన కంపు రాయడానికి నాకు మాటలు చాలవు. నేను కొంగు లేనిదాన్ని, గౌను ఎత్తి ముక్కు మూసుకున్నాను. బామ్మ మూసుకోలేదు. రెండు చేతులూ కూలర్ వెనక సందులోకి పెట్టింది. మణికట్టు దాకా దిగబడ్డాయి. బూడిదరంగు గుజ్జు ఆవిడ వేళ్ళ సందుల్లోంచి కారింది. అందులో తెల్లటి పురుగులు మెదులుతున్నాయి. కాకి ఈకకి తలస్నానం చేసిన మనిషి. గూడు రాలేదు, అంచుకి అతుక్కుపోయి ఉంది. వేళ్ళతో కింద తవ్వి తవ్వి ఒక్కసారి లాగింది. నిజంగానే కుండ. వెనక పలక గడ్డి సగం దానితోపాటు ఊడొచ్చింది, నల్లగా, ముద్దకట్టి, దగ్గినప్పుడు పడే కఫంలాగా. నా తమ్ముడు ఆ గడ్డిలోంచి వచ్చిన గాలినే పీల్చాడు.

"వెచ్చగా ఉన్నాయే," అంది బామ్మ.

గుడ్లు. పాత పిల్లలు అప్పటికే ఎగిరిపోయాయి. రాణి రెయిలింగు మీద అటూ ఇటూ తిరుగుతోంది. బకెట్లోకి దించుతుంటే ఒక గుడ్డు పగిలింది. అందులో ఏముందో రాయను. "నువ్వు చూడకు. అటు తిరుగు," అంది బామ్మ. అప్పటికే చూసేశాను. బకెట్టు మీద గోనె కప్పి, చెత్తకుండీ దాకా తనే మోసుకెళ్ళింది. తిరిగొచ్చి గుమ్మం బయటే నిలబడి చెప్పింది. "వాడికి చెప్పకు. పిల్లలు పెద్దవై ఎగిరిపోయాయని చెప్తాను. నువ్వు ఎప్పటికీ చెప్పకు." ఊఁ అన్నాను. తర్వాత స్నానాలగదిలో పంపు కింద కూచుని కుంకుడుపులుసుతో, బూడిదతో, చింతపండుతో చేతులు తోముకుంది. వేళ్ళు ఎర్రబడి, గోళ్ళ దగ్గర చర్మం లేచిపోయేదాకా తోముకుంది.

తమ్ముడు ఇంటికొచ్చేసరికి ఇంట్లో కాగిన నూనె వాసన. నూనె వస్తువు పనికిరాదన్నవాళ్ళని ఎవర్నీ అడగకుండా బామ్మ పళ్ళెం నిండా గుమ్మడి వడియాలు వేయించింది. వాడు రెండు చేతుల్తో తిన్నాడు. "రాజా, రాణీ ఏవీ?" అంటే, "పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయాయిరా. వాటితో అవీ వెళ్ళాయి," అంది. సాయంత్రం నాన్న గడ్డంతా మార్చాడు. గింజలు ఆగిపోయాయి. పావురాలు కొన్నాళ్ళు వచ్చి చూసి మళ్ళీ డాబా ఎక్కాయి, వడియాల మీదికి. వాడి ఆయాసం ఒక్క రోజులో పోలేదు. ఆ వర్షాలు దాటేసరికి కూత తగ్గింది, చలికాలానికి పరిగెత్తడం మొదలెట్టాడు. పేరు మాత్రం ఎదురింటి ఆంటీ కొట్టేసింది. "మైనే బోలా థా నా!" అని, తను చెప్పినట్టే అయిందని బ్లాకంతా చెప్పుకుంది. బామ్మ కాదనలేదు. కాదంటే గూడు సంగతి చెప్పాలి కదా.

ఇదంతా మొన్న వసంత్ కుంజ్‌లో నా తమ్ముడికి చెప్పాను. సరళ నోరు తెరుచుకుని వింది. తమ్ముడు మాత్రం, "గుడ్లు కూడానా?" అన్నాడు.

"గుడ్లు కూడా."

"చేత్తోనే తీసిందా?"

"చేత్తోనే. రేపు ఆ డాక్టరుకి ఫోన్ చేసి పక్షులున్నాయని చెప్పు. ఇంట్లో కాదు, బయట అని తెలివితేటలు చూపించకు."

వాణ్ణి లోపలి గదిలో కూచోబెట్టి తలుపు వేయించాను. సరళ గిన్నెలు తోమే రబ్బరు తొడుగులు ఇచ్చింది. మొహానికి మాస్కు కట్టుకుని, ముందు నీళ్ళు చల్లి, తడిశాక గీకడం మొదలెట్టాను. పనివాణ్ణి పిలుద్దాం వదినగారూ అని సరళ అంటూనే ఉంది. నాకు మాత్రం ఆ రోత ఇంకొక్క గంట కూడా ఆ గాజు తలుపు అవతల ఉండటం ఇష్టం లేదు. అప్పటికీ ఇప్పటికీ నాకు తేడా ఏమీ కనబడలేదు. అప్పుడు ఇనపరేకు డబ్బా, ఇప్పుడు ఏసీ డబ్బా. అప్పుడు ఎదురింటి ఆంటీ చెప్పింది, ఇప్పుడు ఫోన్ చెబుతోంది. పావురం మాత్రం ఆ పుస్తకంలో రాసినట్టే బతుకుతోంది. ఏసీ డబ్బా వెనక గూడు ఉంది, పాతది, కుండలాంటిదే. గుడ్లు లేవు. ఎప్పుడో చచ్చి ఎండిపోయిన పిల్ల ఒకటి అడుగున అతుక్కుని ఉంది. లాగుతుంటే రేకు అంచు తగిలి తొడుగు చిరిగింది. ఆ గుజ్జు లోపలికి దిగి వేళ్ళ మధ్య వెచ్చగా, జారుడుగా తగిలింది. సింకు దగ్గరికి పరిగెత్తి డోకున్నాను. తర్వాత వెళ్ళి మిగతాది కూడా తీసేశాను. సజ్జల సంచీ కూడా ఆ చెత్తలోకే పోయింది.

స్నానం చేసి, చేతులు సబ్బుతో కడిగి, శానిటైజరు రాసి, మళ్ళీ కడిగి భోజనానికి కూచున్నాను. సరళ పప్పు, దొండకాయ వేపుడు, నేను తెచ్చిన చారు, కొట్లో కొన్న గుమ్మడి వడియాలు పెట్టింది. తమ్ముడు ఎదురుగా చెంచాతో అన్నం కలుపుకుంటున్నాడు. నేనూ పప్పు వేసుకుని కలిపాను. ముద్ద చేశాను. నోటి దాకా తీసుకెళ్ళలేకపోయాను. చెయ్యి శుభ్రంగానే ఉంది. ఏ వాసనా లేదు. అయినా ఆ వేళ్ళు నావి కానట్టున్నాయి. ముద్ద పళ్ళెంలో వదిలేసి మళ్ళీ లేచి చెయ్యి కడుక్కున్నాను.

"సరళా, నాకూ ఒక చెంచా ఇయ్యమ్మా," అన్నాను.

తమ్ముడు తలెత్తాడు. నా చేతికేసి చూశాడు. తన చేతిలో ఉన్న చెంచాకేసి చూసుకున్నాడు. ఇన్ని పుస్తకాలు చదివాను, బామ్మ ముద్దలు ఎందుకు ఆగిపోయాయో అంతవరకూ నాకు తట్టనే లేదు.

"బామ్మ నాకు చెంచా ఇచ్చింది ఆ వడియాల రోజునే అక్కా," అన్నాడు. "పెద్దవాణ్ణయ్యాననుకున్నాను."